మట్టి ఇచ్చిన మందును మట్టిపాలు చేయకండి

ప్రొద్దుటూరులోని మా మద్రసాలో విద్యార్థుల వసతి గదికి ఆనుకొని ఒక గోడ అలమారా ఉంది. అందులో కితాబులు, హాజరు పట్టికలు, వాటి వెనుక ఒక బిస్కెట్ల డబ్బా ఉండేవి. ఆ డబ్బాలో ఉండేవి మాత్రలు. పిల్లలకు జ్వరం, దగ్గు, విరేచనాలు వచ్చినప్పుడు తెప్పించి, వాడగా మిగిలిన సగం సగం షీట్లు. మరొక పిల్లవానికి అదే బాధ వస్తే మెడికల్ షాపుకు పోనవసరం లేకుండా డబ్బాలోంచి తీసి ఇచ్చేవాణ్ణి. ఏళ్ల తరబడి ఆ డబ్బాను భద్రంగా కాపాడింది నేనే. దానిని పొదుపు అనుకున్నాను.

కొన్నేళ్ల క్రితం వానాకాలంలో, పులివెందుల ప్రాంతపు పల్లె నుంచి వచ్చి చదువుకుంటున్న పన్నెండేళ్ల విద్యార్థికి జ్వరం తగిలింది. అలవాటు ప్రకారం డబ్బా తీశాను. ఒక షీటులో ఆరు యాంటీబయాటిక్ మాత్రలు మిగిలి ఉన్నాయి. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున రెండు రోజులు ఇచ్చాను. మూడో రోజుకు జ్వరం తగ్గింది. మిగిలిన రెండు మాత్రలను మళ్లీ డబ్బాలో వేసి, అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

వారం తిరగకుండానే జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి రోజురోజుకూ మెట్లెక్కినట్లు పెరిగింది. బాలుడు కడుపు పట్టుకొని మూలిగేవాడు. తల్లిదండ్రులకు కబురు పంపి, వైద్యుని వద్దకు తీసుకుపోయాము. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకు ముందు ఏమి మందు వాడారు?" అని. జరిగింది చెప్పాను. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, కల్చర్ పరీక్షకు రక్తం తీయించారు. కొన్ని రోజుల తరువాత ఫలితం వచ్చింది. టైఫాయిడ్. మామూలుగా వాడే మాత్రలకు ఆ క్రిమి లొంగదని తేలింది. ఆసుపత్రిలో ఉంచి నరానికి సూదిమందు ఎక్కించవలసి వచ్చింది. ఖర్చు కోసం తండ్రి రెండు గొర్రెలను అమ్ముకున్నాడు.

ఆ తండ్రి నన్ను నిందించలేదు. "మీరు మేలు కోసమే ఇచ్చి ఉంటారు హజ్రత్" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. నేను అరబీ వ్యాకరణం, ఫిఖహ్, హదీసు శాస్త్రం చదువుకున్నవాణ్ణి. జీవశాస్త్రం చదువుకోలేదు. అయితే తెలియని విషయాన్ని తెలిసినవారిని అడిగి తెలుసుకోవాలన్నది మా ఉస్తాదులు మొదటి రోజు నేర్పిన పాఠమే. ఆ తరువాత వైద్యులను, పశువైద్యులను, కళాశాలలో సైన్సు చెప్పే మిత్రులను అడిగి, పుస్తకాలు తెప్పించుకొని నేర్చుకున్నదే ఈ వ్యాసం.

వేరుశనగ వేరులో ఒక నేస్తం

బాలుడు కోలుకున్నాక ఒకసారి వారి ఊరికి వెళ్లాను. వేరుశనగ పూత మీద ఉంది. క్రిముల గురించి నేను ఏదో చెప్పబోతుంటే అతడు చేనులోకి దిగి ఒక మొక్కను పెరికి తెచ్చాడు. వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు గుత్తులుగా అంటుకొని ఉన్నాయి. ఒకదానిని గోటితో చిదిమితే లోపల లేత ఎరుపు రంగు కనిపించింది. "ఇవి ఎన్ని ఉంటే చేను అంత పచ్చగా ఉంటుంది హజ్రత్, మా నాయన చెప్పినాడు" అన్నాడు.

ఆ బుడిపెలు బ్యాక్టీరియా కాపురముండే ఇళ్లు. వాటిని రైజోబియం జాతి బ్యాక్టీరియా అంటారు. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనియే అయినా, ఏ మొక్కా దానిని నేరుగా తీసుకోలేదు. ఈ సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి ఇస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెరను పెడుతుంది. జమ్మలమడుగు నల్లరేగడి భూముల్లో పండే శనగకూ ఇదే ఏర్పాటు. విత్తే ముందు కొందరు రైతులు బెల్లం నీళ్లతో కలిపి విత్తనాలకు పట్టించే రైజోబియం కల్చరు పొట్లంలో ఉండేది ఈ జీవులే. యూరియా బస్తాకు డబ్బు కట్టాలి. ఈ సేవకులు కూలి అడగరు.

ఇంటిలోనూ అంతే. గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లారేసరికి గడ్డపెరుగు కావడం బ్యాక్టీరియా పనియే. మన శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ప్రచురితమైన ఒక పరిశోధన లెక్క కట్టింది. అంటే మన శరీర కణాలు ఎన్నో దాదాపు అవీ అన్ని. వాటిలో అధిక భాగం పెద్దప్రేగులో ఉండి, మనం అరిగించుకోలేని పీచును అరిగిస్తాయి. విటమిన్ కె వంటివి తయారుచేస్తాయి. చెడు క్రిములకు చోటు దొరకకుండా స్థలాన్ని ఆక్రమించి ఉంటాయి. అవసరం లేకుండా మింగిన యాంటీబయాటిక్ ఈ మిత్రులను కూడా చంపుతుంది. మాత్రలు వాడిన పిల్లలకు విరేచనాలు పట్టుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అదే మట్టిలో శత్రువు

మట్టిలో మిత్రులతో పాటు శత్రువులూ ఉన్నారు. మన సీమ గొర్రెల కాపరులకు దొమ్మ రోగం తెలియనిది కాదు. వైద్యులు దానిని ఆంత్రాక్స్ అంటారు. సాయంత్రం దాకా మేసిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంది. ఈ రోగానికి కారణమైన బ్యాక్టీరియాను జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోఖ్ 1876లో నిరూపించాడు. ఒక ఫలానా క్రిమి ఒక ఫలానా రోగాన్ని కలిగిస్తుందని శాస్త్రీయంగా తేలిన తొలి సందర్భాలలో ఇది ముఖ్యమైనది. ఆ క్రిమి గట్టి పెంకు వంటి బీజరూపం ధరించి దశాబ్దాల పాటు నేలలో బ్రతికి ఉండగలదు.

జమ్మలమడుగు ప్రాంతంలో మా బంధువుల ఇంట ఇట్లాగే ఒక గొర్రె చనిపోయినప్పుడు, తోలైనా ఒలుచుకుందామని ఎవరో కత్తి తీశారు. ఇంటి పెద్దాయన అడ్డుపడి, చచ్చినదాని మాంసం మనకు ఎట్లాగూ హరాము, దానిపై కత్తి కూడా పెట్టవద్దని, పశువైద్యునికి కబురు పంపాడు. ఆ కళేబరాన్ని కోయకుండా, లోతైన గోతిలో సున్నం వేసి పూడ్చారు. ఆయన చేసింది శాస్త్రం చెప్పినదే. దొమ్మ అనుమానమున్న పశువును కోస్తే క్రిమి గాలి సోకి బీజరూపం ధరిస్తుంది. నేల అంతా పాడవుతుంది. కోసినవారి చేతులకు, తిన్నవారి కడుపుకు రోగం అంటుతుంది. మందలో మిగిలిన జీవాలకు టీకా వేయించడమే రక్ష.

మందు కూడా మట్టి నుంచే

మేలు చేసేవి, కీడు చేసేవి ఉన్న ఆ మట్టిలోనే సృష్టికర్త మందును కూడా ఉంచాడు. నేలలో బ్యాక్టీరియా ఒకదానితో ఒకటి ఆహారం కోసం, చోటు కోసం పోటీ పడతాయి. ఆ పోటీలో కొన్ని జాతులు ఎదుటివాటిని అణచే పదార్థాలను విడుదల చేస్తాయి. క్షయకు తొలి సమర్థమైన మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో అమెరికాలో ఇట్లాంటి ఒక మట్టి జీవి నుంచే దొరికింది. టైఫాయిడ్‌ను తొలిసారి లొంగదీసిన క్లోరాంఫెనికాల్‌కు మూలమైన జీవి వెనిజులా దేశపు మట్టిలోనిది.

ఈ చరిత్రలో మన తెలుగువారికి గర్వకారణమైన పేరు ఒకటి ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే ప్రేగుల వ్యాధితో సోదరులు కన్నుమూయడం చూసిన ఆయన, మద్రాసులో వైద్యం చదివి అమెరికా చేరారు. తరువాత లెడర్లే సంస్థలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఆయన పర్యవేక్షణలో, విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి విరమించాక అక్కడ చేరిన బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త, వివిధ ప్రాంతాల మట్టి నమూనాలను పరీక్షించారు. మిస్సోరి రాష్ట్రపు పొలం మట్టిలో బంగారు వర్ణపు సూక్ష్మజీవి ఒకటి కనిపించింది. దాని నుంచి వచ్చినదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబపు మొదటి మందు. అది 1948లో లోకానికి వెల్లడి అయింది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు మరణించారు. 1994లో సూరత్‌లో ప్లేగు భయం చెలరేగినప్పుడు ప్రజలకు పంచిపెట్టినది ఆ కుటుంబపు మందే.

మందు ఎందుకు ఓడిపోతుంది?

అనుకూలమైన చోట కొన్ని రకాల బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకు ఒకసారి రెండవుతాయి. ఒక్కటి ఆరు గంటల్లో 2 లక్షల 62 వేలు దాటుతుంది. ఇన్ని లక్షలలో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే కొద్దిగా మారి ఉంటాయి. ఒకటి మందును ముక్కలు చేసే పదార్థాన్ని తయారుచేస్తుంది. ఇంకొకటి లోనికి వచ్చిన మందును తోడి బయట పోస్తుంది. చాలినంత మోతాదు, చాలినన్ని రోజులు మందు వాడితే దాదాపు అన్నీ చస్తాయి. మిగిలిన కొద్దింటిని మన శరీరపు రక్షణ శక్తి చూసుకుంటుంది. అరకొర మందు వేస్తే బలహీనమైనవి మాత్రమే చచ్చి, గట్టివి మిగులుతాయి. ఖాళీ అయిన చోటు అంతా వాటిదే.

ఇంతకన్నా ఆశ్చర్యకరమైన సంగతి ఒకటి ఉంది. మందును తట్టుకునే విద్యను ఒక బ్యాక్టీరియా తన సంతానానికే కాక, పక్కనున్న పరాయి జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలదు. మా తరగతిలో ఒకని పలక మీది లెక్కను పక్కవాడు ఎక్కించుకున్నట్లు, ఆ విద్య వ్రాసి ఉన్న జన్యువు నకలు ఒకదాని నుంచి మరొకదానికి చేరుతుంది. పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ పురస్కారం అందుకున్నప్పుడే, చాలని మోతాదులో వాడితే క్రిములు ఈ మందుకు అలవాటు పడతాయని హెచ్చరించారు. మనము వినలేదు.

టైఫాయిడ్ చరిత్రయే దీనికి సాక్ష్యం. క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ 1972లో మన పొరుగున కేరళలోని కాలికట్‌లో బయటపడింది. 1990 ప్రాంతానికి అంతవరకు వాడుతున్న మూడు ముఖ్యమైన మందులకూ లొంగని రకం దేశంలో వ్యాపించింది. అప్పుడు సిప్రోఫ్లోక్సాసిన్ ఆదుకుంది. కొన్నేళ్లకే అదీ బలహీనపడింది. ఇప్పుడు చేతిలో మిగిలినవి కొన్నే.

పటాన్‌చెరు నేర్పిన పాఠం

తప్పు రోగిది, దుకాణానిది మాత్రమే కాదు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు మందుల కర్మాగారాలకు ప్రసిద్ధి. సుమారు 90 కర్మాగారాల నుంచి వచ్చే వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఒక కేంద్రం నుంచి బయటకు వదిలే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయిన తరువాత కూడా ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. రోజుకు 40 కిలోలకు పైగా ఆ ఒక్క మందే వాగులోకి పోతున్నదని వారి అంచనా. రోగి కడుపులోకి వెళ్లవలసిన మందు వాగులో, చేలో, బావిలో చేరితే, అక్కడి కోట్లాది బ్యాక్టీరియా దానిని తట్టుకోవడం నేర్చుకుంటాయి.

కోళ్ల పెంపకంలోనూ ఇదే జరిగింది. మనుషులలో ఏ మందూ పనిచేయని స్థితిలో వైద్యులు చివరిగా వాడే కొలిస్టిన్‌ను, కోళ్లు త్వరగా బలియడం కోసం మేతలో కలిపేవారు. 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఆహారానికి పెంచే జీవాలలో దాని వాడకాన్ని నిషేధించింది. పశువు, మనిషి, మట్టి, నీరు వేర్వేరని మనము అనుకుంటాము. బ్యాక్టీరియాకు ఆ గోడలు లేవు.

దీని ఫలితం అంకెలలో చూస్తే గుండె చెరువవుతుంది. 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని 2022లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది.

రెండు హైదరాబాదుల కథ

నిరాశ పడవలసిన పని లేదు. 2016 చివరలో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రపు హైదరాబాదు నగరంలో ఒక కొత్త టైఫాయిడ్ తలెత్తింది. అది ఐదు రకాల మందులకు లొంగదు. నోటి మాత్రలలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. రోగుల్లో అత్యధికులు పసిపిల్లలు. ఆ నగరపు పిల్లలకు వేసిన టీకా తయారైనది మన హైదరాబాదులో, భారత్ బయోటెక్ సంస్థలో. టైప్‌బార్ టీసీవీ అనే ఆ టీకాకు 2017 చివరలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది. ఆరు నెలలు నిండిన శిశువుకు కూడా ఒక్క మోతాదు వేయవచ్చు. 2019 నవంబరులో, ప్రపంచంలో అన్నిటికన్నా ముందు పాకిస్తాన్ ఈ తరహా టీకాను తన జాతీయ టీకాల పట్టికలో చేర్చుకున్నది. సరిహద్దుకు ఇటుపక్కనున్న ఒక హైదరాబాదు, అటుపక్కనున్న మరొక హైదరాబాదు పిల్లలను కాపాడింది. రోగమే రాకుండా చూసుకుంటే మందుతో పని లేదు, మందు చెడిపోయే ప్రసక్తీ లేదు.

మన ఇళ్లలో ఏమి చేయాలి?

సోదర సోదరీమణులారా! నేను చేసిన పొరపాటు మీ ఇంట జరగకూడదని ఈ నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను.

మొదటిది, మెడికల్ షాపులో రోగలక్షణం చెప్పి యాంటీబయాటిక్ కొనవద్దు. మాత్రల షీటు మీద నిలువుగా ఎర్రని గీత ఉంటే అది వైద్యుని చీటీ లేకుండా వాడకూడని మందు. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న హెచ్1 నిబంధన ప్రకారం కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను అమ్మినప్పుడు, రోగి పేరు, చీటీ వ్రాసిన వైద్యుని పేరు దుకాణదారు పుస్తకంలో నమోదు చేయాలి. చీటీ అడిగే దుకాణదారుపై కోపగించకండి, అతడు మీ మేలు కోరుతున్నాడు.

రెండవది, ఎన్ని రోజులు వాడాలో నిర్ణయించవలసింది వైద్యుడు. జ్వరం తగ్గిందని మనము ఆపరాదు. క్షయకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులను నెలల తరబడి వాడవలసి ఉంటుంది, మధ్యలో మానితే మొండి క్షయగా మారుతుంది. మిగిలిన మాత్రలు దాచవద్దు. ఒకరి మాత్ర మరొకరికి ఇవ్వవద్దు.

మూడవది, జలుబు, డెంగ్యూ, చాలా మటుకు గొంతునొప్పులు వైరస్ వల్ల వచ్చేవి. వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు. "ఏదైనా గట్టి మందు వ్రాయండి" అని వైద్యుణ్ణి ఒత్తిడి చేయకండి. జ్వరం తగ్గకుంటే, యాంటీబయాటిక్ మొదలు పెట్టకముందే రక్తపరీక్ష అవసరమా అని అడగండి. మందు పడిన తరువాత కల్చర్ పరీక్షలో క్రిమి దొరకడం కష్టం.

నాల్గవది, నీరు, చేతులు. టైఫాయిడ్ మలం కలిసిన నీటి నుంచి, కడగని చేతుల నుంచి వస్తుంది. శుచి మన జీవితంలో రోజుకు ఐదుసార్లు గుర్తుకు వచ్చే విధి. వుజూలో చేతులు కడిగే మనము మరుగుదొడ్డి నుంచి వచ్చాక, వంటకు ముందు సబ్బు వాడకపోవడం ఎంత వింత! మస్జిదు హౌజును, మద్రసా నీళ్ల ట్యాంకును క్రమం తప్పక కడిగించండి. వలీమా వంటలకు, వసతి విద్యార్థులకు కాచి చల్లార్చిన నీరో, శుద్ధి చేసిన నీరో ఇవ్వండి. పిల్లలకు టైఫాయిడ్ టీకా గురించి వైద్యుణ్ణి అడగండి.

గొర్రెలు, పాడి పశువులు, కోళ్లు ఉన్నవారు పశువైద్యుని సలహా లేకుండా మందులు వాడరాదు. వాడిన తరువాత ఎన్ని రోజులు పాలు, మాంసం వాడకూడదో అడిగి పాటించాలి. అది తెలియకుండా అమ్మితే కొన్నవానికి అన్యాయం చేసినట్లే.

ఊరి ఉమ్మడి బావిలో ఒక్కడు చెత్త వేసినా నీరు అందరికీ చెడుతుంది. యాంటీబయాటిక్ అట్లాంటి ఉమ్మడి బావి. ఎంత డబ్బున్నా దానిని ఒక ఇంటికి విడిగా కొని దాచుకోలేము. నేడు నేను దుర్వినియోగం చేసిన మందు రేపు ముఖం తెలియని ఏ తల్లి బిడ్డకో పనిచేయకుండా పోతుంది. అది మనకు ముందు తరం అప్పగించిన అమానతు. తరువాతి తరానికి చెడగొట్టకుండా అప్పగించవలసిన అమానతు.

ఆ విద్యార్థి అల్లాహ్ దయ వల్ల ఆరోగ్యంగా చదువు పూర్తి చేసుకొని వెళ్లాడు. బిస్కెట్ల డబ్బా ఇప్పటికీ మా అలమారాలో, కితాబుల వెనుకే ఉంది. అందులో చేతులు కడుక్కునే సబ్బు బిళ్ళలు ఉంటాయి. అవి అయిపోతే నాకు చెప్పవలసిన బాధ్యత చిన్న తరగతి పిల్లలది.